గూడ్సు బండీ... గ్రామఫోను ప్లేటూ

ఖమ్మం జిల్లా అనగానే చాలామందికి భద్రాచలం, గోదావరి, దారి పొడుగునా టేకు చెట్లు కళ్ళ ముందుకొస్తాయి. ఎర్రుపాలెం అలా ఉండదు. అడవంతా ఉత్తరానా తూర్పునా ఉండిపోగా ఈ ఊరు జిల్లాకి దక్షిణపు కొసన, మైదానంలో పడింది. విజయవాడలో కాజీపేట వైపు వెళ్ళే పాసింజరు ఎక్కితే యాభై కిలోమీటర్ల లోపే స్టేషను. కొండపల్లి గుట్టలు వెనక్కి పోయాక మిరప చేలు, పత్తి చేలు వస్తాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్ళు చివరిదాకా వచ్చిన ఏడు వరి కూడా కనిపిస్తుంది. దిగింది తెలంగాణలో. నాలుగడుగులు కిందికి పోతే ఆంధ్రా. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు భద్రాచలం కొత్తగూడెం వైపు వెళ్ళిపోయింది, ఎర్రుపాలెం మాత్రం ఖమ్మంతోనే ఉంది.

బయటివాళ్ళు ఇక్కడ దిగారంటే ఎక్కువగా జమలాపురం వెళ్ళడానికే. గుట్ట మీది వేంకటేశ్వరస్వామిని తెలంగాణ చిన్న తిరుపతి అంటారు. శనివారమైతే ఆటోలు ఖాళీ ఉండవు. నేను దిగింది మాత్రం ఓ తగువు తీర్చడానికి. తగువు బాబాయికీ పిన్నికీ మధ్య. దానికి మూలం డాలస్‌లో ఉన్న వాళ్ళబ్బాయి. వస్తువు ఓ టర్న్‌టేబుల్. ఖరీదు నాలుగు లక్షల పైమాట!

మీరు చదివింది నిజమే. టీవీ కాదు, కారు కాదు. గ్రామఫోను ప్లేటు తిప్పే పెట్టె.

ట్రంకుపెట్టెలో తొంభై

బాబాయి హైస్కూల్లో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు 71 ఏళ్ళు. వాళ్ళ నాన్న రైల్వేలో పనిచేసేవాడు. జీతాల రోజు బెజవాడ వెళ్ళి, ఇంటికి కావలసిన సరుకులతో పాటు ఓ ప్లేటు కూడా తెచ్చేవాడట. అలా పోగుపడ్డవి తొంభై దాకా ఉన్నాయి. సగానికి కాస్త తక్కువ పాత 78లు, మిగిలినవి ఎల్పీలు. 1963లో వచ్చిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి సుప్రభాతం ఉంది. ఘంటసాల భగవద్గీత ఉంది. అది ఆయన 1974 ఫిబ్రవరిలో పోయిన తర్వాత విడుదలైన ప్లేటు. చిట్టిబాబు వీణ, శంకరాభరణం ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ అరిగింది బాలమురళి పాడిన రామదాసు కీర్తనలు. అరగదూ మరి! ఆ రామదాసు పుట్టిన నేలకొండపల్లి ఈ జిల్లాలోనే ఉందాయె.

78లు ప్లాస్టిక్కు కాదు, లక్క. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు ఆ లక్కని చేస్తుంది. దాన్ని శుద్ధి చేసి, రాతిపొడి కలిపి, వేడిగా అచ్చు కొడితే ప్లేటు. యాభై, అరవై ఏళ్ళ పాటు ప్రపంచమంతా పాట విన్నది ప్రధానంగా మన దేశపు అడవుల్లో దొరికిన లక్క మీదే. కిందపడితే పెంకులా పగులుతుంది. 1948లో అమెరికాలో ఎల్పీ వచ్చాక లక్క పోయి వినైల్ వచ్చింది. మూడున్నర నిమిషాల పాట కాస్తా ఇరవై రెండు నిమిషాలైంది.

బాబాయి వాళ్ళింట్లో వెనకటి ప్లేయరు సూట్‌కేసులా మూత పెట్టేది. అందులోని రబ్బరు చక్రం గట్టిపడిపోయి, పాతికేళ్ళ కిందటే తిరగడం మానేసింది. అప్పట్నుంచి ప్లేట్లు ట్రంకుపెట్టెలోనే. ఏటా సంక్రాంతికి తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ నిలబెట్టి సర్దుతాడు. పడుకోబెడితే వంకర పోతాయని ఆయనకి తెలుసు.

మొన్న అబ్బాయి ఫోన్ చేశాడు. ‘నాన్నా, మంచి టర్న్‌టేబుల్ పంపిస్తాను. రాసినవన్నీ చదివాను. అందరూ మెచ్చుకున్నదే’ అన్నాడు. బాబాయి సంతోషపడకుండా ఒక్కటే మాట అడిగాడు. ‘వినకుండానా?’

పిన్ని అందుకుంది. ‘నాలుగు లక్షలుంటే పక్క వాటాకి స్లాబు పడుద్ది. సరే, వాడి డబ్బు వాడిష్టం. కొంటే కొనండి. హైదరాబాదు పోయి వినొచ్చేదేంది? మనం పెళ్ళిచూపులు లేకుండానే పెళ్ళి చేసుకున్నాం. ఏం, కాపురం చెయ్యలేదా?’

దీనికి బాబాయి దగ్గర జవాబు లేదు. అందుకే నన్ను పిలిచాడు. పాటల పెట్టెల గురించి నాకు కాస్త తెలుసని చుట్టాల్లో ఓ పేరుంది లెండి.

ఖాళీని వినాలి

నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి ఆ ఊళ్ళోనే ఉన్నాడు. ఒకప్పుడు చుట్టుపక్కల పాతిక ఊళ్ళకి మైకు సెట్టు ఆయనదే. పెళ్ళయినా, తిరునాళ్ళయినా, ఓట్ల ప్రచారమైనా చెట్టుకి రెండు గొట్టాలు కట్టి, తెల్లారకముందే సుప్రభాతం వేసేవాడు. బాబాయి ఆయన్ని ‘బావా’ అంటాడు కాబట్టి నాకు మావయ్య. ఎనభైకి దగ్గర పడ్డాడు. క్యాసెట్లొచ్చాక ప్లేయరు అమ్మేశాడు, సీడీలొచ్చాక దుకాణమే మూసేశాడు.

‘వినకుండా కొనొచ్చా మావయ్యా?’ అని అడిగా.

‘ఎద్దుని కొనేవాడు పళ్ళు చూస్తాడు. ఊరుకుంటాడా? కాడికి కట్టి నడిపించి చూస్తాడు గదా’ అన్నాడు. ‘అయితే వినేవోళ్ళు అంతా తప్పు విన్తారు. పాట విన్తారు. పాట బావుందంటే ఆ గొప్ప ఘంటసాలది, పెట్టెది కాదు. నువ్వు ఖాళీ విను. ముల్లు దించినాక పాట మొదలుకాక ముందు రెండు చుట్లు తిరుగుద్ది చూడు, ఆడ ఏముందో విను.’

ఆ ఒక్క మాటలో విషయం చాలావరకు ఉంది. టర్న్‌టేబుల్ పాడదు. పాడేది స్పీకరు. టర్న్‌టేబుల్ పని రెండే... పళ్ళేన్ని ఒకే వేగంతో తిప్పడం, తన సొంత చప్పుడు కలపకుండా ఉండటం. ప్లేటు మీద గీతలో ఉన్న మెలికలు వెంట్రుకకన్నా సన్నం. ఒక్క వైపు గీతని విప్పి పరిస్తే సుమారు అర కిలోమీటరు పొడవు. ఆ దారెంటా రెండు గ్రాములకు మించని బరువుతో వజ్రపు ముల్లు ఊగుతూ పోతుంది. ముల్లుకి తెలిసింది కదలిక ఒక్కటే. ఆ కదలిక గాయకుడిదా, మోటారుదా, బల్లదా అని దానికి తేడా తెలీదు. అన్నిటినీ పాటగానే పంపిస్తుంది. మోటారు గురగుర, బేరింగు గరగర అన్నీ ఆ ‘ఖాళీ’లో బయటపడతాయి.

ఇక వేగం. పళ్ళెం ఒక క్షణం నెమ్మదించి మళ్ళీ పుంజుకుంటే శృతి ఊగుతుంది. దీన్ని పట్టుకోడానికి మంచి వీణ ప్లేటు తీసుకెళదామని బాబాయి ఆలోచన. మావయ్య ఒప్పుకోలేదు.

‘వీణలో గమకం ఉంటది. ఊగింది వేలో, యంత్రమో నీకెట్టా తెలుసుద్ది? పద్యనాటకం ప్లేటు తీసుకుపో. హార్మోనియం మెట్టు నొక్కితే దాని శృతి దానిదే, ఊగదు. అది గూడా ఊగిందంటే దొంగ దొరికినట్టే.’

పాశ్చాత్య దేశాల్లో ఈ పరీక్షకి పియానో రికార్డులు వాడతారు. కారణం ఇదే. ఆ సంగతి మావయ్య ఎక్కడా చదివి ఉండడు. నలభై ఏళ్ళు పందిట్లో ప్లేట్లు తిప్పిన చెవి అది.

మరో సంగతి కూడా చెప్పాడు. కొన్ని ప్లేట్లకి నడిమి చిల్లు సరిగ్గా నడిమిన ఉండదు. అప్పుడు పళ్ళెం ఎంత బాగా తిరిగినా పాట ఊగుతుంది. ‘పళ్ళెం తప్పా, చిల్లు తప్పా ముందు తేల్చుకో. అదే ప్లేటు రెండు పెట్టెల మీద వేసి చూడు. రెంటిమీదా ఊగితే ప్లేటుదే తప్పు.’

వీణ మాటొచ్చింది కాబట్టి ఓ ముచ్చట. ఎర్రుపాలేనికి మరీ దూరం కాని నూజివీడులో పనస చెక్కతో వీణలు చేస్తారు. వీణ కొనేవాళ్ళెవరూ మీటి చూడకుండా కొనరు. ఒకటి మీటితే గోడకి ఆనించిన మిగతా వీణల తీగలు కూడా సన్నగా పలుకుతాయి. స్పీకర్లూ అంతే! గదిలో ఊరికే పడున్న స్పీకరు కూడా పక్కదాని మోతకి కదిలి తన వంతు శబ్దం కలుపుతుంది. స్కాట్లండులోని లిన్ కంపెనీ 1970ల్లో దీని మీద పెద్ద పట్టు పట్టింది. తమ టర్న్‌టేబుల్ వినిపించే గదిలో ఒక్క జత తప్ప వేరే స్పీకర్లు ఉండకూడదని డీలర్లకి చెప్పింది. ఆ రోజుల్లో అందరూ స్పీకర్లే ముఖ్యం అనుకునేవారు. మొదట్లో పోయింది చివర్లో ఎంత ఖరీదైన స్పీకరు పెట్టినా తిరిగి రాదన్నది వాళ్ళ వాదన. ‘మా మాట నమ్మకండి, వచ్చి వినండి’ అన్నదే వాళ్ళ ప్రచారం. వినిపించి అమ్మే పద్ధతికి ఆ కంపెనీ వల్లే ఊపొచ్చిందని నాకనిపిస్తుంది.

డాలస్ కరెంటు, ఎర్రుపాలెం కరెంటు

అబ్బాయి చదివి ఎంచిన పెట్టె మంచిదే. చిక్కల్లా అది అక్కడి కరెంటుకి చేసింది. అమెరికాలో 120 వోల్టులని అందరికీ తెలుసు, దానికి ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అందరూ మర్చిపోయేది రెండో అంకె. అక్కడ కరెంటు సెకనుకి 60 సార్లు అటూ ఇటూ ఊగి వస్తుంది, ఇక్కడ 50 సార్లు. కొన్ని టర్న్‌టేబుళ్ళలో మోటారు వేగం నేరుగా ఈ లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. 60కి చేసింది 50 మీద పెడితే నిమిషానికి ముప్ఫై మూడు చుట్లకి బదులు ఇరవై ఎనిమిది కూడా తిరగదు. పాట సాగుతుంది, శృతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. ఘంటసాల ఇంకెవరోలా వినిపిస్తాడు! ట్రాన్స్‌ఫార్మర్ దీన్ని సరిచెయ్యదు. లోపల ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేగాన్ని పట్టుకునే మోటారున్న వాటికి ఈ బాధ లేదు. ఏది ఏ రకమో కొనేముందే అడిగి తెలుసుకోవాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు ప్రేమగా పంపే వస్తువుల విషయంలో ఈ ఒక్క ప్రశ్న మర్చిపోకండి.

దీనికి తోడు ఆ పెట్టెలో ఉన్నవి 33, 45 వేగాలే. బాబాయి ట్రంకులో సగానికి దగ్గరగా ఉన్నవి 78లు. నాలుగు లక్షలు పోసినా తాతయ్య కొన్న మొదటి ప్లేట్లు వినే వీల్లేదు! ఇదేమీ వింత కాదు. చాలా ఖరీదైన వాటిలో 78 ఉండదు. అక్కడి కొనుగోలుదార్లకి అవసరం లేదు మరి. రాసినవాళ్ళెవరూ ఈ లోపం ఎత్తిచూపకపోవడానికీ అదే కారణం.

ఇంత చెప్పాక అబ్బాయి ఫోన్లో కాసేపు మాట్లాడలేదు. ‘సరే, మీరే విని చెప్పండి. డబ్బు నేను పంపిస్తా’ అన్నాడు. పిన్ని ‘అయితే నాలుగు దాటకూడదు’ అంది. బాబాయి ‘రెండు దాటను’ అన్నాడు. పిన్ని ఆయన వంక అనుమానంగా చూసింది.

పళ్ళెంలో నీళ్ళు

హైదరాబాదు బయల్దేరే ముందు మావయ్య ఇంటికొచ్చి ఇంకో పరీక్ష పెట్టాడు. ఇది కొట్లో చేసేది కాదు. పిన్నిని అడిగి ఇత్తడి పళ్ళెం తెప్పించి, నిండా నీళ్ళు పోసి, ప్లేయరు పెడదామనుకున్న బల్ల మీద ఉంచాడు. అందరం చుట్టూ కూర్చున్నాం.

బాబాయి వాళ్ళిల్లు రైలు పట్టాలకి దగ్గర. కాజీపేట-విజయవాడ లైనంటే దక్షిణాదికీ ఉత్తరాదికీ మధ్య పెద్ద దారి. పగలూ రాత్రీ బళ్ళు పోతూనే ఉంటాయి. ఎక్స్‌ప్రెస్ పోయినప్పుడు నీళ్ళ మీద సన్నటి ముడతలు వచ్చాయి. తర్వాత బొగ్గు గూడ్సు వచ్చింది. దాని మోత చెవికి ఎక్కువేమీ కాదు, ఆ ఇంట్లోవాళ్ళకి అసలు వినపడనే వినపడదు. నీళ్ళు మాత్రం అంచు దాకా గుండ్రంగా వణుకుతూనే ఉన్నాయి, ఆఖరి పెట్టె దాటేదాకా. పిన్ని వంటింట్లోంచి నాలుగడుగులు గట్టిగా వేసి వస్తే కూడా వణికాయి. పాత ఇల్లు, కింద నాపరాళ్ళు సరిగా కూచోలేదు.

‘ఇదంతా నీ ముల్లు వింటది’ అన్నాడు మావయ్య.

నాకు నచ్చింది ఇదే. ఊళ్ళో ఎవరూ కొలవని ఓ కదలిక ఉంటుంది. దాన్ని అక్కడివాళ్ళు ఎప్పుడో మర్చిపోయి ఉంటారు. ఏ షోరూమూ దాన్ని చూపించలేదు. మెత్తటి తివాచీ, మందపాటి తెరలు, నిశ్శబ్దంగా తిరిగే ఏసీ ఉన్న గదిలో అన్ని పెట్టెలూ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. ఎర్రుపాలెంలో వేసవి ఎండ వేరు, మిరపకాయలు కల్లాల్లో ఆరబోసినప్పుడు ఎగిరే దుమ్ము వేరు, సాయంత్రం పూట ఎక్కీ దిగే వోల్టేజీ వేరు. కాబట్టి వినడం రెండుసార్లు జరగాలి. ఒకటి పెట్టెని. ఒకటి ఇంటిని.

తివాచీ గదిలో

మధిరలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి, కాజీపేట మీదుగా మూడొందల కిలోమీటర్ల దాకా ప్రయాణం చేసి సికింద్రాబాదులో దిగాం. బాబాయి ఒళ్ళో గుడ్డసంచీ, అందులో అట్టముక్కల మధ్య నాలుగు ప్లేట్లు. ఘంటసాల గీత, బాలమురళి రామదాసు, ఓ పద్యనాటకం ఎల్పీ, శంకరాభరణం. పై బెర్తు మీద పెట్టమంటే ‘వేడికి వంగుతయి’ అని ఒప్పుకోలేదు. తెలిసిన మాటే. ఎండలో ఆపిన కారులో గంటసేపు వదిలేసిన ఎల్పీ తర్వాత పాపడంలా ఉంటుంది.

కొట్టు పేరు అనవసరం. అబ్బాయిలు మర్యాదస్తులు. ముందే ఫోన్ చేసి టైము తీసుకున్నాం. ఇలాంటి వాటికి చెప్పకుండా వెళితే పనికాదు, అమర్చి వేడెక్కించి ఉంచాలి కదా. అయితే కుర్చీలో కూర్చోగానే వాళ్ళ దగ్గరున్న విదేశీ జాజ్ ప్లేటు పెట్టారు. గది మారుమోగిపోయింది. బాబాయి నవ్వి, ‘బావుంది నాయనా, ఇప్పుడు మాది పెట్టు’ అని సంచీ విప్పాడు.

సొంత ప్లేటు తీసుకెళ్ళమని ఎందుకంటారంటే, కొట్టువాళ్ళు ఎంచుకున్న ప్లేటు ఏ పెట్టె మీదైనా బావుంటుంది. మీ ప్లేటులో గీత ఎక్కడుందో, ఎక్కడ చిటపటలొస్తాయో మీకు కంఠతా వచ్చు. తేడా అక్కడే తెలుస్తుంది.

మూడు పెట్టెలు విన్నాం. ఒకటి ఇరవై వేల లోపుది. రెండోది లక్షన్నర దరిదాపుల్లోది. మూడోది నాలుగు లక్షలు దాటింది. రెండోదానికీ మూడోదానికీ ఒకే రకం కార్ట్రిడ్జ్ పెట్టమని అడిగా. లేకపోతే మనం పోల్చేది ముళ్ళని, పెట్టెల్ని కాదు. కుర్రాడు కాస్త నసిగినా అమర్చాడు. ముప్పావుగంట పట్టింది. తూకం వేసి, కోణం సరిచూసి, మళ్ళీ తూకం వేసి... ఇది ఓపిక పని. ఈ పని సరిగ్గా చేసేవాడు దొరకడం కూడా కొనుగోలులో భాగమే. ఇంటికొచ్చి అమర్చకుండా పెట్టె చేతిలో పెట్టి పంపే కొట్టయితే సగం డబ్బు వృథా.

ఇంకో జాగ్రత్త. రెంటిలో ఏది కాస్త గట్టిగా మోగితే అదే మంచిదని చెవి మోసపోతుంది. మనుషులందరి చెవీ అంతే. అందుకని మోత సమానం చేయించా. ఇంతా చేసి బాబాయిని కళ్ళు మూసుకోమన్నాం.

ముందు ఖాళీ. ముల్లు దిగింది. చిన్న పెట్టెలో సన్నగా, దూరంగా లారీ ఆగి ఉన్నట్టు గురగుర. మిగతా రెంటిలో ప్లేటు సొంత చిటపటలు తప్ప ఏమీ లేదు.

తర్వాత హార్మోనియం. పద్యం చివర రాగం తీసేముందు మెట్టు నొక్కి పట్టిన చోట చిన్న పెట్టె మీద బాబాయి మొహం చిట్లించాడు. ‘ఊగుతాంది.’ చిల్లు తప్పేమోనని అదే ప్లేటు రెండోదాని మీద వేయించాం. నిలబడింది. పెట్టెదే తప్పు.

ఆ తర్వాత ప్లేటు ఆఖరి పాట. లోపలి చుట్టు చిన్నది కాబట్టి అక్కడికొచ్చేసరికి ముల్లు కింద గీత పరుగు తగ్గుతుంది. బయటి చుట్టులో సెకనుకి యాభై సెంటీమీటర్లుంటే, లోపల ఇరవై చిల్లర. అంత తక్కువ చోటులో అంత పాటా ఇరుక్కోవాలి. స, శ లాంటి అక్షరాలు చిరిగినట్టు వస్తాయి. అమరిక సరిగా లేని పెట్టె ఇక్కడ దొరికిపోతుంది. అందుకని మొదటి పాట విని లేచిపోకూడదు.

ఇక అసలు పరీక్ష. లక్షన్నరదీ, నాలుగు లక్షలదీ. ఏది వేస్తున్నామో చెప్పకుండా పదిసార్లు మార్చి మార్చి వేశాం. బాబాయి అయిదుసార్లు సరిగ్గా చెప్పాడు, అయిదుసార్లు తప్పాడు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే.

కుర్రాడు మొహమాటంగా, ‘పెద్దాయనకి వయసు కదా సార్...’ అన్నాడు. తప్పుగా అనలేదు. మనిషి చెవి పుట్టినప్పుడు సెకనుకి ఇరవై వేల కంపనాల దాకా వింటుంది. వయసుతో పై అంచు కరుగుతూ వస్తుంది. డెబ్బై దాటాక పదివేల పైన వినడం చాలామందికి కష్టం. తాళాల చివరి మెరుపు, గజ్జెల పొడి వాళ్ళకి అందవు. అయితే శృతి ఊగడం, మోటారు గురగుర ఆ పై అంచులో ఉండవు. హార్మోనియం మెట్టు ఉండే చోట ముసలి చెవి ఇంకా గట్టిగానే ఉంటుంది. చిన్న పెట్టెని బాబాయి ఒక్కసారి కూడా తప్పకుండా పట్టుకున్నాడు.

బాబాయి మాత్రం నొచ్చుకోలేదు. ‘అవును నాయనా, నా చెవులు డెబ్బై ఒకటి. వాటికి సరిపడా కొంటే చాలు. అమెరికా నుంచి మావోడొచ్చి వింటే తేడా తెలుసుద్దేమో. వింటాడా? వాడుండేది ఏడాదికి పది రోజులు’ అన్నాడు. ఆ మాట తర్వాత గదిలో కాసేపు ఎవరం మాట్లాడలేదు. ప్లేటు అయిపోయి ముల్లు ఆఖరి చుట్టులోనే తిరుగుతోంది.

మరి వినకుండా కొనొచ్చా? నన్నడిగితే ఇరవై, ముప్ఫై వేల లోపు వాటికి ఊరు దాటి పోనక్కర్లేదు. వెనక్కి తీసుకునే షరతు ఉంటే చాలు. లక్ష దాటితే మాత్రం రైలెక్కాల్సిందే. మా ఇద్దరికీ రానూపోనూ అయిన ఛార్జీ ఆ పెట్టె ఖరీదులో నూటికి రెండు రూపాయల లోపే. మిగిలింది రెండున్నర లక్షలు. రాసినవి చదివి కొన్నవాళ్ళు డబ్బెక్కడ ఆపాలో తెలుసుకోలేరు. రాసినవాడి చెవి వేరు, గది వేరు, వాడి ప్లేట్లు వేరు. ఆ కాగితాల్లో హార్మోనియం మాట ఉండదు.

ఇక్కడో చిక్కు ఉంది, దాచడం ఎందుకు? మన దగ్గర చాలా పెట్టెలు ఆర్డరిస్తేనే తెప్పిస్తారు. వినడానికి అరలో ఉండవు. జపాన్ టెక్నిక్స్ వాళ్ళ 1200 సంగతే చూడండి. 1972లో వచ్చింది, 2010లో ఆపేశారు, గిరాకీ చూసి 2016లో మళ్ళీ మొదలెట్టారు. 2020లో అమెరికాలో ప్లేట్ల అమ్మకాల రాబడి సీడీలని దాటింది. 1986 తర్వాత అదే మొదటిసారి. ఆ గిరాకీలో మన వంతు చిన్నది కనక కొట్లలో సరుకూ తక్కువే. కోరినది వినే వీలు లేకపోతే అదే కంపెనీ చిన్న పెట్టెనైనా వినండి. ఎవరింట్లోనో ఉంటే అడిగి వెళ్ళండి. ప్లేట్లున్నవాళ్ళు వినేవాళ్ళ కోసం మొహం వాచి ఉంటారు, కాఫీ ఇచ్చి మరీ వినిపిస్తారు.

నల్లరాయి అర

బాబాయి రెండోది తీసుకున్నాడు. అందులో 78 వేగం ఉంది, మోటారు కరెంటు లెక్క మీద ఆధారపడదు.

పెట్టె ఊరు చేరేలోపు చెయ్యాల్సిన పని మిగిలింది. నేల వణుకుతుంది కాబట్టి బల్ల పనికిరాదు. గోడే గతి. పట్టాల వైపు గోడ వద్దని మావయ్య లోపలి గోడ ఎంచాడు. ఖమ్మం అంటే గ్రానైటుకి పేరు. ఓ పాలిషింగు యూనిట్లో తెగిన ముక్క, రెండడుగుల చిల్లర నల్లరాయి, చవగ్గా దొరికింది. గోడలోకి ఇనుప కమ్ములు దింపి, పైన రబ్బరు ముక్కలు వేసి, రాయి పెట్టారు. మేస్త్రీ ‘దేవుడి అరా అమ్మా?’ అనడిగాడు. పిన్ని ‘ఆ, అట్టాంటిదే’ అంది.

రాయి మీద మళ్ళీ ఇత్తడి పళ్ళెం, నీళ్ళు. సాయంత్రం బొగ్గు గూడ్సు వచ్చింది. నీళ్ళు పూర్తిగా ఊరుకున్నాయని చెప్పను. ముందున్నంత లేదు, అంచున ఓ సన్నటి గీత. మావయ్య రబ్బరు ముక్కలు మార్చి రెండుసార్లు చూశాడు. ‘ఇంతకన్నా తగ్గాలంటే రైల్వేవోళ్ళకి అర్జీ పెట్టుకోవాల’ అని లేచాడు. వెళుతూ బాబాయికి గట్టిగా చెప్పాడు. ‘ముల్లు ఎగిరితే దాని నెత్తిన పావలా బిళ్ళ పెట్టేవు, ఖబడ్దార్!’ మైకు సెట్ల కాలంలో అందరూ చేసిన పనే అది. ఆ బరువుకే సగం ఊళ్ళ ప్లేట్లు అరిగిపోయాయి.

పెట్టె వచ్చిన రోజు కొట్టు కుర్రాడు వెంట వచ్చి అమర్చాడు. మొదట ఏది వెయ్యాలన్న దాని మీద కాస్త చర్చ జరిగింది. పిన్ని రామదాసు అంది. అదే పెట్టారు. రెండో కీర్తనలో రైలు పోయింది. ముల్లు కదల్లేదు. బాబాయి రైలు వంక చూశాడు, పిన్ని ప్లేటు వంక చూసింది. ‘పక్క వాటా స్లాబు వచ్చే ఏడు చూద్దాంలే’ అని ఆవిడే అంది.

78లు మాత్రం ఇంకా ట్రంకులోనే ఉన్నాయి. వాటి గీత వెడల్పు. ఎల్పీ ముల్లు వేస్తే అడుగున ఊరికే దొర్లుతుంది, చప్పుడు ఎక్కువై పాట సరిగా రాదు. వాటికి లావుపాటి ముల్లు వేరే ఉంటుంది. అబ్బాయి సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడు. ఈలోగా బాబాయి రోజుకొకటి తీసి, తుడిచి, లేబుళ్ళ మీది పేర్లు పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఇప్పటికి పదిహేడయ్యాయి.